షీటు వేశాం సరే, వాల్వు తగ్గించామా?

ఎండాకాలం కూరగాయల బెడ్ల మీద సిల్వర్ షీటు వేయొచ్చా, వేస్తే అది ప్రకృతి వ్యవసాయం అవుతుందా అని కలిసిన ప్రతి రైతూ అడుగుతున్నాడు. వీడియోలో రెండు బెడ్లూ చూపించాను. నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నా.

షీటు పనిచేయదని నేను అనను. పైన వెండి రంగు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి నల్ల షీటు కింద వేడెక్కినంతగా నేల వేడెక్కదు. తేమ ఆవిరి కాదు. కింద నలుపు వెలుతురు ఆపుతుంది, కలుపు రాదు. ఆ మెరుపుకి తామర పురుగు, తెల్లదోమ, పేనుబంక తికమకపడి మొక్క మీద వాలడం తగ్గుతుంది. ఇది మొక్క చిన్నగా ఉన్నప్పుడే. గుబురు పెరిగి షీటుని కప్పేస్తే ఆ లాభం పోతుంది.

కానీ ఎండిన వరిగడ్డి రంగు చూడండి. అది కూడా తెల్లగానే ఉంటుంది కదా! ఎర్రనేల, నల్లనేల కంటే ఎండను బాగానే తిప్పికొడుతుంది. పైగా దాని మీద జీవామృతం చల్లితే నేలలోకి దిగుతుంది, వాన పడినా దిగుతుంది. వానపాము పైకొచ్చి గడ్డి తింటుంది. షీటు మీద చల్లిన జీవామృతం జారిపోతుంది. వడగట్టి డ్రిప్పులో వదలాల్సిందే. పాలేకర్ గారు చెప్పే ఆచ్ఛాదన అంటే నేలని కప్పడమే కాదు, నేలకి తిండి పెట్టడం కూడా.

గడ్డి దొరకడం కష్టమే, ఒప్పుకుంటా. హార్వెస్టర్లు వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురవుతోంది. ఉన్నది ముందు పశువుకే పెట్టాలి. అందుకే చెరకు చెత్త, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ పొట్టు, గట్టు మీది గిరిపుష్పం కొమ్మలు, ఏది దొరికితే అది వేయండి. నాలుగు అంగుళాల మందం ఉండాలి, మొక్క మొదలుకి మాత్రం తగలకూడదు.

ఇంకో పొరపాటు. ఎత్తు బెడ్డు పక్కల నుంచి కూడా ఎండుతుంది. ఎండా, వడగాలీ పక్కలకి నేరుగా తగులుతాయి. మనం పైన మాత్రమే కప్పి ఊరుకుంటాం. పక్కలు కప్పండి, కాలవలో కూడా చెత్త నింపండి.

అన్నిటికంటే పెద్ద తప్పు వాల్వు దగ్గర జరుగుతోంది. షీటు వేసినా, గడ్డి వేసినా మోటారు మాత్రం పాత టైముకే ఆన్, పాత టైముకే ఆఫ్. అలాగైతే మిగిలిన నీళ్లెక్కడ? పైన ఆవిరి కానిది కింద చేరి వేరుకి గాలి ఆడకుండా చేస్తుంది. వాపస పోతుంది, మొక్క వాడుతుంది, మనం నీళ్లు చాలలేదనుకుని ఇంకా పెడతాం. నాలుగు అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టిందా, ఆ రోజు మోటారు వేయకండి.

షీటు తప్పదనుకునేవాళ్లు పలచనిది కొనకండి, 25-30 మైక్రాన్లది తీసుకోండి. పంట అయ్యాక ముక్క మిగలకుండా ఏరాలి. సేంద్రియ సర్టిఫికెట్ నిబంధనలు కూడా వాడాక నేలలోంచి తీసేయాలనీ, పొలంలో కాల్చకూడదనీ చెబుతున్నాయి. రోటావేటరు తిప్పి కలిపేస్తే ఆ ముక్కలు మన పిల్లల దుక్కిలో కూడా తేలతాయి.

నా మాట ఒక్కటే. ముందు గడ్డి, అది దొరక్కపోతేనే షీటు. ఏది వేసినా నీళ్లు మిగిల్చేది వాల్వు తిప్పే మన చెయ్యే.