వసారాలో పొన్నంగి

రాచర్లలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. అక్టోబరు నెల. తెల్లారి కసువు ఊడుద్దామని తలుపు తీసిన పెద్దమ్మ, "ఒరే, ఇటొచ్చి చూడు" అని పిలిచింది. వసారా మూలన ఒక పిట్ట. గోరింక కంటే చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టుంది. ఆకుపచ్చ వీపు, రెక్కల మీద నీలం, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లని పట్టె, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. చెయ్యి దగ్గరికి పెట్టినా ఎగరలేదు.

"ఏదో అడివి పిట్ట. ఈ కాలంలో అప్పుడప్పుడూ ఇట్లా పడుంటాయి. పిల్లి పట్టకుండా గంప బోర్లిస్తే సాయంత్రానికి తేరుకుని అదే పోతుంది" అంది. అలాగే చేశాం. చీకటి పడబోతుండగా గంప తీస్తే, చింతచెట్టు కింద నాలుగు గెంతులు గెంతి మాయమైంది.

సలీం అలీ పుస్తకం తిరగేస్తే తెలిసింది, అది పొన్నంగి పిట్ట. హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో గూళ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వస్తుంది. ప్రయాణం రాత్రిపూట. అలసిపోయి ఇలా ఇళ్లలో పడడం దానికి కొత్త కాదు. పొద్దునా సాయంత్రం ఆరింటి వేళ ఈల వేస్తుందని తమిళులు దాన్ని 'ఆరుమణి కురువి' అంటారు.

పెద్దమ్మకు ఈ సంగతి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఏ తేదీకి వస్తుంది అని అడిగితే మాత్రం "దసరాకు అటూ ఇటూ" అంది. దసరా ఏటా ఒకే తేదీకి రాదు కదా! అయినా ఆమెను అనడానికి నేనెవర్ని? ఆ రోజు తేదీ నేనూ రాసుకోలేదు. నెమలిగుండం రంగనాయకస్వామి దగ్గరికి బయల్దేరాం కాబట్టి శనివారమని మాత్రం చెప్పగలను.

ఊళ్లో తెలిసిన సంగతి కాగితం మీదికి ఎక్కకపోతే ఏమవుతుందో కలివికోడిని చూడండి. అది వలస పిట్ట కాదు, పక్క కడప జిల్లాదే. 1848లో జెర్డాన్ దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదని అంతరించిన జాబితాలో వేశారు. 1986 జనవరిలో లంకమల దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ లైటు వెలుతుర్లో దాన్ని పట్టుకున్నాకే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు అది బతికే ఉందని రుజువైంది. అన్నేళ్లూ దాని పేరు మాత్రం ఊళ్లలో బతికే ఉంది.

1929-30ల్లో వెర్నే సర్వే వాళ్లు తూర్పు కనుమల్లో, మన నల్లమలలో కూడా పిట్టల్ని కాల్చి, కాలికి ఊరు, తేదీ రాసిన చీటీ కట్టేవారు. ఇప్పుడు కాల్చే పనిలేదు, చీటీ ఒక్కటే చాలు. తేదీ, వేళ, చోటు, ఎన్ని కనబడ్డాయి. పేరు తెలియకపోతే రంగులు రాయండి. 2007లో బెంగళూరు నుంచి మొదలైన 'మైగ్రెంట్ వాచ్' మామూలు జనాన్ని అడిగింది ఇంతే: వలస పిట్ట మీకు మొదటిసారి ఏ రోజు కనబడింది? ఇప్పుడా పనికి 'ఈబర్డ్' ఉంది, సెల్‌ఫోన్‌లోనే ఎక్కించొచ్చు.

గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు దగ్గరే ఉంది. జనవరిలో ఒక పొద్దున గట్టు మీద కూర్చుని బాతుల్ని లెక్కపెట్టండి. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్నో చూసుకోవాలి. ఆసియా అంతటా నీటి పక్షుల్ని లెక్కించేది ఆ నెలలోనే, 1987 నుంచీ. వానలు తప్పి చెరువు ఎండిన ఏడు 'నీళ్లు లేవు, పిట్టలు లేవు' అని రాయడమూ లెక్కే. చాలామంది వదిలేసేది అదే.

మొన్న మళ్లీ వెళ్తే, పెద్దమ్మ పాల లెక్క రాసుకునే క్యాలెండరు గోడకు వేలాడుతోంది. అక్టోబరు పద్నాలుగో గడిలో మనవడి రాత: 'పొన్నంగి. ఒకటి. బావి దగ్గర. పొద్దున ఆరు.' దాని కిందే పెద్దమ్మ రాత: పాలు లీటరున్నర.