తల్లి పేరు చెప్పరేం?

మన సినిమాకి తండ్రి ఎవరంటే చిన్నపిల్లలు కూడా ఫాల్కేగారని ఠక్కున చెప్తారు. మరి తల్లో?

1913లో విడుదలైన మూకీ 'రాజా హరిశ్చంద్ర'కి స్టూడియో అంటే బొంబాయి దాదరులో ఆయన కాపురమున్న బంగళా, దాని ఆవరణే. ఇల్లాలు సరస్వతీబాయి నగలు కూడా పెట్టుబడి కింద కరిగిపోయాయి. పగలు యూనిట్ అందరికీ వంట. రాత్రి చీకటిగదిలో ముడిఫిల్ము అంచుకి చిల్లులు వేయడం, తీసిన ఫిల్ముని రసాయనాల్లో కడగడం! పని నేర్పింది ఆయనే, కాదనను. కానీ చేసింది ఆవిడ.

దీన్ని "భర్తకి చేదోడు వాదోడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇదే పని మగవాడు జీతానికి చేస్తే టెక్నీషియన్ అంటారు కదండీ!

ఆడవాళ్ళు వేషానికి ఒప్పుకోలేదని, హోటల్లో వంట చేసే సాళుంకేకి చీర కట్టి చంద్రమతిని చేశారు. అతని పేరు చరిత్రకెక్కింది. వంటా, ఫిల్మూ రెండూ చూసుకున్న ఆవిడ పేరు మనలో ఎందరికి తెలుసు?

హరిశ్చంద్రుడు ఆలిని అమ్మాడని కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఆ సినిమా కోసం ఆలి సొమ్ము అమ్ముడైన సంగతి మాత్రం మనకి పట్టదు.

ప్రభుత్వం 1969 నుంచి ఫాల్కే అవార్డు ఇస్తోంది. సంతోషమే. ఆ పేరు పక్కన సరస్వతీబాయి పేరూ చేరిస్తే ఎవరి సొమ్ము పోయింది?