పడవలోనూ అదే... బావిలోనూ అదే!

విడపనకల్లు నుంచి సముద్రం చూడాలంటే ఎటు వెళ్లినా రాత్రంతా ప్రయాణమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే అనంతపురం జిల్లాలో తెరచాప పడవ ఊసెత్తితే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ పడవ కడుపులో ఉండే డీజిల్ ఇంజను సంగతి ఎత్తి చూడండి. పాతకాలం రైతు ఠక్కున చెవి ఇటు వేస్తాడు. ఎందుకంటే అది ఆయన బావి దగ్గర మోగిన ఆయిలింజనుకు తోబుట్టువు!

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ప్రపంచాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చింది భారత నౌకాదళం పడవ ‘తారిణి’. 55 అడుగుల ఆ తెరచాప పడవలో ఉన్నది ఆరుగురు మహిళలే. వారిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య మనవాళ్లు. దారిలో స్టీరింగ్ మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. నడిసముద్రంలో మెకానిక్ దొరకడు కదా! అందుకే దూరాలు వెళ్లే పడవల్లో ఉన్నవాళ్లే మేస్త్రీలు కావాలి. గాలి నడిపే పడవకు ఇంజనెందుకంటారా? రేవులోకి రావడానికి, గాలి పడిపోయినప్పుడు కదలడానికి, బ్యాటరీలు నింపడానికి.

పడవలో అయినా పొలంలో అయినా సూత్రం ఒక్కటే. సిలిండరులో గాలిని పదహారు, ఇరవై రెట్లు అదిమితే అది భగ్గుమనేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను తుంపరగా కొడితే చాలు, నిప్పు దానంతటదే పుడుతుంది. స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. పాత ఆయిలింజనుకు కరెంటూ అక్కర్లేదు. డీకంప్రెషన్ మీట ఎత్తి, హ్యాండిల్ తిప్పి, ఫ్లైవీలు ఊపందుకోగానే మీట వదిలితే... డుగ్, డుగ్, డుగ్! హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. ఇంజను వెనక్కి తన్నిందంటే చుట్టిన బొటనవేలే ముందు విరుగుతుంది.

అనంతపురం వాళ్లకు నచ్చే సంగతి ఇంకోటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే ఆ సంగతి తర్వాత చెప్పారు.

గాలి పట్టిందా?

నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి దగ్గి ఆగిపోతే రైతు మొదటి మాట, ‘గాలి పట్టింది’. ట్యాంకు అడుగంటినా, పైపు జాయింటు వదులైనా డీజిల్ దారిలోకి గాలి దూరుతుంది. మందు తేలికే. ట్యాంకు నింపి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేయాలి. ముందు బుడగలతో నురగొస్తుంది. బుడగల్లేని ధార వచ్చాక బిగించాలి. తర్వాత పంపు దగ్గర, చివరికి నాజిల్ పైపు దగ్గర అదే పని. నాజిల్ తుంపరకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకూడదు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత జోరుగా వస్తుంది.

జబ్బులు వేరు, వైద్యం ఒక్కటి. కరవు సీమలో దుమ్ము ఎయిర్ క్లీనరును పూడ్చేస్తుంది. సముద్రంలో ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఇక్కడ ఫుట్‌వాల్వుకు ఆకూ అలమూ అడ్డుపడితే, అక్కడ చల్లబరిచే నీటి జల్లెడకు నాచు చుట్టుకుంటుంది. రెండుచోట్లా ఇంజను వేడెక్కి చస్తుంది. డీజిల్‌లో చేరిన నీరు రెండింటికీ శత్రువే. అది అడుగున చేరుతుంది కనుక ఫిల్టరు కింది నుంచి ఎప్పటికప్పుడు వంపేయాలి.

పొగ కూడా కబుర్లు చెబుతుంది. నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేదా బరువు ఎక్కువైంది. నీలంగా వస్తే రింగులు అరిగి ఇంజనాయిల్ మండుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా నీళ్లు లోపలికి దిగాయి.

ప్రాణం తీసే పొగ

కంటికి కనిపించని పొగతోనే అసలు ప్రమాదం. గట్టు మీది పంపు ఏడు మీటర్లకు మించి నీటిని పీల్చడం కష్టం. అందుకే నీళ్లు అడుక్కి పోయేకొద్దీ రైతులు ఇంజనును కూడా బావిలోకి దించారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బాగుచేద్దామని దిగినవాడు కూలిపోతాడు, కాపాడదామని దూకినవాడూ అక్కడే పడిపోతాడు. ఒకే బావిలో అన్నదమ్ములు పోవడం ఇందుకే. దీపం దించి చూసే పాత పద్ధతి ఈ విషవాయువును పట్టివ్వదు. దీపం వెలిగిందని ధైర్యంగా దిగితే అంతే సంగతులు!

అందుకే పొగగొట్టం బావి గట్టు దాటి పైకి రావాలి. ఇంజను ఆపి, గాలి బాగా ఆడేదాకా దిగకూడదు. దిగేవాడి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు తప్పనిసరి. పడవల్లోనూ ఇదే భయం. పొగగొట్టం జాయింటు కారితే మూసిన గదిలో నిద్రపోతున్నవాళ్లు మళ్లీ లేవరు. అందుకే అక్కడ గదిలో అలారం పెట్టుకుంటారు. బావిలో ఆ అలారం, పైన తాడు పట్టుకున్న మనిషే.

కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక ఆయిలింజన్లు చాలావరకు పశువుల కొట్టాల్లో గోనెపట్టా కిందికి చేరాయి. అలాంటిది మీ ఇంట్లోనూ ఉంటే పాత డీజిల్ వంపేసి, ఆయిల్ మార్చి, నెలకోసారి హ్యాండిల్ తిప్పండి. పంట ఎండే వేళ కరెంటు పోయిన రోజున ఆదుకునేది ఆ డుగ్ డుగ్ చప్పుడే మరి!