రేకు లేచిపోతే తప్పు గాలిదా, బోల్టుదా?

హైదర్‌గూడ: వేసవిలో గాలిదుమారం వచ్చిన మర్నాడు నగరం చుట్టుపక్కల పల్లెల్లో కనిపించే దృశ్యం ఒకటే. కోళ్లఫారం రేకులు పక్క చేలో పడివుంటాయి. కరెంటు స్తంభం వొరిగి వుంటుంది. పశువుల కొట్టానికి కప్పు వుండదు. ఆ పిమ్మట అర్జీ రాయించుకుని యిక్కడి శాసనసభ్యుల క్వార్టర్లకు బయలుదేరడం జరుగుతుంది. అర్జీలో అడిగేది కొత్త రేకులు. పాతవి యెందుకు లేచాయని అడిగేవారు తక్కువ.

ఈ ప్రశ్నను ఆస్ట్రేలియా వారు గట్టిగా అడిగారు. 1974 డిసెంబరు 25న ట్రేసీ తుపాను అక్కడి డార్విన్ పట్టణాన్ని నేలమట్టం చేసింది. అక్కడివీ చాలావరకు రేకుల కప్పులే. నిపుణులు పరిశీలించగా, ఒక్క పెద్ద విసురుకే రేకు వూడలేదని, గాలి మళ్లీ మళ్లీ పైకి లాగి వదలడంతో మేకుల చుట్టూ పగుళ్లు పట్టి చినిగిందని తేలింది. తీగను అటూ యిటూ వంచితే తెగుతుంది చూడండి, అలాగన్నమాట. 1977లో టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తుపాను పరీక్షా కేంద్రం వెలిసింది. దీనికి ప్రభుత్వంతోపాటు బీమా కంపెనీలు, యింటి సామగ్రి తయారీదారులు కూడా అండగా వున్నారు. యిల్లు కూలితే పరిహారం చెల్లించవలసిన కంపెనీ బోల్టు సంగతి పట్టించుకోవడంలో వింత లేదు!

అదే 1977 నవంబరు 19న మన దివిసీమలో సుమారు 10 వేల మంది మరణించారు. అక్కడ ప్రాణాలు తీసింది ప్రధానంగా ఉప్పెన. కనుక తుపాను షెల్టర్ల మీద, హెచ్చరికల మీద దృష్టి నిలవడం సబబే. గాలి సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపై పడినప్పుడు బాగా తెలిసివచ్చింది. విమానాశ్రయం కప్పే దెబ్బతిన్నది. నగరం రోజుల తరబడి కరెంటు లేక అవస్థపడింది. ఆ తరువాతనే ప్రపంచబ్యాంకు సాయంతో అక్కడ కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు.

మన దేశంలో పరిశోధన లేదనుకోవడం పొరపాటు. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధనా కేంద్రంలో నమూనా కట్టడాలను గాలి సొరంగంలో పెట్టి పరీక్షిస్తారు. కరెంటు టవర్లను నిలబెట్టి, లాగి, బలం చూస్తారు. భారత ప్రమాణాల సంస్థ 2015 నిబంధనల ప్రకారం హైదరాబాదులో కట్టడానికి సెకనుకు 44 మీటర్ల గాలిని, అనగా గంటకు 158 కిలోమీటర్ల విసురును లెక్కలోకి తీసుకోవాలి. సముద్రం వొడ్డున వున్న విశాఖకు అది 50 మీటర్లు. తేడా అంతే!

అయితే ఈ లెక్క పెద్ద భవనాల ఇంజనీరు వద్దనే ఆగిపోతున్నది. పల్లెలో షెడ్డు వేసే వెల్డరుకు చేరడం లేదు. రేకుల మీద బండలు పెడితే చాలునని మనలో చాలామంది నమ్మకం. కప్పు మీదుగా పోయే గాలి దానిని పైకి పీలుస్తుంది. గాలి వచ్చే వైపు తలుపు తెరిచివుంటే లోపల దూరిన గాలి కింది నుండి తోస్తుంది. చూరు అంచుల వద్ద, మూలల వద్ద ఈ లాగుడు మరీ యెక్కువ. అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా వుండాలి. రేకును పైపుకు యెంత బిగించినా, పైపును గోడ మీద వూరికే ఆనిస్తే కప్పంతా ఒక్కముక్కగా లేస్తుంది. పైపును గోడ పైని కాంక్రీటు బెల్టుకు పట్టించాలి. యిక ఆ బండలు యెవరి నెత్తిన పడతాయో చెప్పనక్కరలేదు.

తాపీ, వెల్డింగు పనులు నేర్పే జాతీయ నిర్మాణ అకాడమీ హైదరాబాదులోనే వుంది. చెన్నై కేంద్రం, ఈ అకాడమీ, రేకుల కంపెనీలు కలిసి మండలానికొక మాదిరి షెడ్డు వేసి చూపవచ్చు. శాసనసభ్యునికి యిచ్చే అర్జీలో ఈ కోరిక కూడా ఒక వాక్యం చేర్చడం మంచిది. ఈలోగా ఫాల్గుణంలోనే నిచ్చెన వేసి, తుప్పుపట్టిన హుక్కు బోల్టులు, పగిలిన వాషర్లు మార్చుకోవడం రైతు చేతిలో పని. మూలల నుండి మొదలుపెట్టాలి.