మందుల దుకాణంపై ప్రభుత్వ అదుపు అవసరమా?

గత సంవత్సరం మా అవ్వకు, అనగా మా నాయనను కన్నతల్లికి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మాది అలంపూర్. జిల్లా కేంద్రం గద్వాల అయినా, జబ్బు చేస్తే మా కాళ్ళు కర్నూలు వైపే నడుస్తాయి. చౌరస్తా దాటి, తుంగభద్ర వంతెన దాటితే చాలు. అక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులున్నాము. మంచం అద్దె, డాక్టరు ఫీజు ముందే చెప్పారు, కాదనను. చెప్పనిది మందుల లెక్క. నర్సు చిట్టీ ఇచ్చేది, నాయన కిందికి దిగి ఆసుపత్రి దుకాణంలో కొనుక్కొచ్చేవాడు. మూడోనాడు ఆ చిట్టీ పట్టుకొని నేను బజారుకు పోయాను. అదే మందు, అదే మోతాదు, వేరే కంపెనీది, మూడోవంతు ధరకు దొరికింది. తెచ్చి ఇస్తే నర్సు ముట్టలేదు. "బయటి మందులు మేం ఎక్కించం. ఈడే తీసుకోవాల" అన్నది. నాయన నన్ను పక్కకు తీసుకుపోయి, "ఊకో బిడ్డా, ముసల్ది లోపల పండుకొని ఉన్నది, ఇప్పుడు తగువెందుకు?" అన్నాడు. ఊకున్నాను. అప్పుడు ఊకున్నందుకే ఇప్పుడీ వ్యాసం.

వంకాయలు కొనేవాడు ఏరుకుంటాడు, బేరమాడతాడు. మందు కొనేవాడికి ఆ రెండూ లేవు. రాసేది ఒకరు, అమ్మేది ఒకరు, మింగేది ఇంకొకరు. రాసేవారూ అమ్మేవారూ ఒకే కప్పు కింద చేరితే ఇక అడిగే దిక్కెవరు?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో 'ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్లు' అనే మధ్యవర్తులున్నారు. బీమా కంపెనీల తరఫున ఏ మందుకు డబ్బు కట్టాలి, ఏ దుకాణంలో కొనాలి, ఆ దుకాణదారుకు ఎంతివ్వాలి అన్నది వాళ్ళే తేలుస్తారు. 2023లో ఆ దేశపు చిట్టీల్లో దాదాపు 80 శాతం మూడు పెద్ద సంస్థల గుండానే నడిచాయి. ఆ మూడింటికీ సొంత ఫార్మసీలతో సంబంధమున్నది. ఆర్కన్సా అనే చిన్న రాష్ట్రం 2015లో ఒక చట్టం చేసింది: దుకాణదారు మందును ఎంతకు కొన్నాడో కనీసం అంతైనా అతనికి చెల్లించాలని. మధ్యవర్తుల సంఘం కోర్టుకెక్కింది. 2020 డిసెంబరులో వాళ్ళ సుప్రీంకోర్టు, ఎనిమిదిమంది న్యాయమూర్తులూ ఏకమై, రాష్ట్రానికి ఆ హక్కున్నదని తేల్చింది.

మన దగ్గర ఆ మేనేజరు లేడు గాని, అతని పనులన్నీ ఆసుపత్రి దుకాణమే చేస్తున్నది. మందుల ధరలు చూడటానికి కేంద్రం లేదా అంటారు. ఉన్నది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం జాబితాలోని మందులకు గరిష్ఠ ధర కడతారు. జాబితాలో లేనివాటికి ఏడాదికి 10 శాతం మించి పెంచరాదంటారు, కాని మొదటి ధర ఎంత వేసుకున్నా అడ్డు లేదు. 2018లో జాతీయ మందుల ధరల సంస్థ ఢిల్లీ ప్రాంతపు నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేస్తే, కొన్నింటి మీద లాభం 1,737 శాతం దాకా తేలింది. అందులో ఎక్కువ భాగం పోయింది తయారుచేసినవాడికి కాదు, ఆసుపత్రికి. కట్టలు కట్టలుగా కొనేవాడికి డబ్బా మీద పెద్ద ధర అచ్చు వేసి, తక్కువకు ఇస్తారు. అచ్చయిన ధరకే అమ్మాడు గనుక తప్పు పట్టేందుకు లేదు!

రోగులను ఆసుపత్రి దుకాణంలోనే కొనమనడం మీద వేసిన వ్యాజ్యంలో, బలవంతమేమీ లేదని కేంద్రం చెప్పింది. (మా నాయనతో చెప్పి చూడండి.) 2025 మార్చి 4న సుప్రీంకోర్టు తాను ఆదేశాలివ్వలేదు, తగిన విధానం రాష్ట్రాలే ఆలోచించుకోవాలన్నది. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనిదే గదా. మందుల దుకాణానికి లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీకి ఇన్‌స్పెక్టరును పంపేదీ రాష్ట్రమే. కనుక మా వల్ల కాదనే మాట చెల్లదు.

నిజానికి రాష్ట్రం ఒకసారి ఈ పని చేసింది, అదీ మా దగ్గరే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మా మహబూబ్‌నగర్ ఒకటి. అందులో ఆపరేషనుకు ఇంతని ప్యాకేజీ కడతారు, మందులూ అందులోనే. అందువల్ల కార్డు రోగికి ఆసుపత్రే చవకైన మందు వెతికి కొంటుంది. పక్క మంచం మీద రొక్కమిచ్చే రోగి ఉంటే అతనికి ఖరీదైన డబ్బా వస్తుంది. నర్సు ఒకతే, మందు ఒకటే, లెక్కలు మాత్రం రెండు. కార్డు రోగికి అడ్డుపడగలిగిన రాష్ట్రం రొక్కం రోగికి ఎందుకు అడ్డుపడదు?

దుకాణం మీద పట్టు బిగిస్తే మంచం అద్దె పెంచుతారని ఒక మిత్రుడన్నాడు. పెంచవచ్చు. కాని అద్దె చేరే ముందే తెలుస్తుంది, నాలుగుచోట్ల అడగవచ్చు. మందుల లెక్క ఇంటికి పంపేనాడు గాని తెలియదు. బయటి మందు నకిలీదైతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం కొట్టిపారేయదగింది కాదు. ప్రాణాపాయ వేళ, చల్లగా కాపాడవలసిన మందుల విషయంలో ఆసుపత్రి మాటే సాగనీయండి. మిగిలినవాటికి చిట్టీ మీద మందు అసలు పేరు రాయాలి, లైసెన్సున్న దుకాణం బిల్లుతో తెచ్చింది నిరాకరించరాదు, 'ఇక్కడే కొననక్కరలేదు' అని కౌంటరు మీద తెలుగులో బోర్డు కట్టాలి. లైసెన్సు షరతుల్లో ఇవి చేరిస్తే చాలునని నా అభిప్రాయం.

ఒక్క తిరకాసున్నది. హైదరాబాదులో చేసిన నిబంధన మా అవ్వకు పనికిరాదు, ఆమె పడుకున్న మంచం ఆంధ్రలోనిది. నడిగడ్డవాళ్ళకు సరిహద్దులు మారడం కొత్త కాదు, 1956 దాకా మాది రాయచూరు జిల్లా. కాని 2021 మే నెలలో మా దగ్గరి పుల్లూరు టోల్‌గేటు వద్ద ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపినప్పుడు, హైకోర్టు అడ్డుపడే దాకా, గీత అంటే ఏమిటో తెలిసొచ్చింది. కర్నూలు రోగి హైదరాబాదుకు పోతాడు, అలంపూర్ రోగి కర్నూలుకు పోతాడు. కాబట్టి నిబంధన రెండు రాష్ట్రాల్లోనూ ఒకే మాటల్లో ఉండాలి.

మన విద్యార్థి సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు తీర్మానం చేసి ఇద్దరు ఆరోగ్యమంత్రులకూ పంపాలని కోరుతున్నాను. ముసాయిదా నేను రాస్తాను. అవ్వ బిల్లులు నాయన ట్రంకుపెట్టెలో భద్రంగానే ఉన్నవి, నకళ్ళు జత చేయవచ్చు.