స్కిప్ అయితే పాసైనట్టేనా?

టెస్టుల రిపోర్టు పచ్చగా ఉంటే చాలు, హాయిగా ఇంటికెళ్ళిపోవచ్చని మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఓ నమ్మకం. నాకైతే ఆ పచ్చదనం మీద ఎప్పుడూ అనుమానమే.

మొన్నామధ్య ఇక్కడ యూకేలోనే ఓ క్లయింటు దగ్గర ఒక పైథాన్ ప్రోగ్రాము చూడాల్సొచ్చింది. సర్వర్లు లినక్స్‌వి, డెవలపర్ల లాప్‌టాపులన్నీ విండోస్‌వి. లాప్‌టాపు మీద టెస్టులు మొదలెట్టగానే, ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే మాడ్యూల్ లేదంటూ ఇంపోర్టు దగ్గరే ఆగిపోయేవట. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైల్లో ఒకేసారి రాయకుండా తాళం వేయడానికి వాడతారు దాన్ని. పైథాన్‌తోపాటే వస్తుంది గానీ యూనిక్స్ తరహా సిస్టమ్‌లకే. విండోస్‌లో ఆ పనికి ఎంఎస్‌వీసీఆర్‌టీ అని వేరే మాడ్యూలుంది. కాబట్టి ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేయబోయినా లాభం లేదు.

అక్కడివాళ్ళు వేసిన మందు పైటెస్ట్‌లోని ఇంపోర్ట్‌ఆర్‌స్కిప్. మాడ్యూల్ దొరక్కపోతే ఆ టెస్టుల్ని దాటేస్తుంది. అందులో తప్పేం లేదు, అది ఉన్నదే అందుకు. చిక్కల్లా ఏమిటంటే, ఆ టెస్టులు లాప్‌టాపుల మీద తప్ప ఇంకెక్కడా నడవట్లేదు! అంటే తాళం సరిగ్గా పడుతోందా లేదా అన్న పరీక్ష ఒక్కసారీ జరగలేదన్నమాట. రిపోర్టు మాత్రం పచ్చగా, అందంగా ఉంది.

ఇదేం చిన్న విషయం అనుకోకండి. 2018 ఏప్రిల్‌లో ఇక్కడి టీఎస్‌బీ బ్యాంకు 52 లక్షల ఖాతాదారుల్ని కొత్త కంప్యూటర్ వ్యవస్థకి మార్చినప్పుడు, లక్షలమంది తమ ఖాతాల్లోకే వెళ్ళలేకపోయారు. ఉన్న డేటా సెంటర్లు రెండు, లోడు పరీక్షలు చేసింది ఒక్కదాని మీదే అని 2019 నాటి విచారణ నివేదిక తేల్చింది. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ ఇదీ ఒకటి. 2022 డిసెంబరులో పడ్డ జరిమానా 4.865 కోట్ల పౌండ్లు! అక్కడ సమస్య మాడ్యూల్ ఇంపోర్టు కాదు, నిజమే. కానీ రోగం ఒకటే: నడిచేది ఒకచోట, పరీక్షించేది ఇంకోచోట.

నేననేది ఇంతే. స్కిప్ అంటే "పాస్" కాదు, "చూడలేదు" అని అర్థం. స్కిప్ చేసిన ప్రతి టెస్టుకీ కారణం రాయాలి. మైనస్ ఆర్‌ఎస్ అన్న ఆప్షన్ ఇస్తే పైటెస్టే ఆ కారణాలన్నీ చూపిస్తుంది. ప్రతి మార్పుకీ ఒక్కసారైనా లినక్స్ మీద టెస్టులు నడపాలి, అక్కడ కూడా ఇది స్కిప్ అయితే ఫెయిల్ కిందే లెక్క కట్టాలి. ఖర్చంటారా? ఒక్క మెషీనుది.

ఇంట్లో పులి వీధిలో పిల్లి అయితే, ఆ సంగతి ఖాతాదారుడి కంటే ముందు మనకి తెలియొద్దూ?