విలీనం కాదు, మింగడం!

చిన్న ఊళ్ళను పక్కనున్న పెద్ద ఊళ్ళలో కలిపేస్తే అభివృద్ధి దానంతటదే పరుగెత్తుకొస్తుందని కొందరి వాదన. నంద్యాలలో నా మిత్రుడొకాయన అయితే మహానందిని కూడా తమ మునిసిపాలిటీలో కలిపేసుకోవాలంటాడు. ఆయనకు బాగానే ఉంటుంది. మాకేముంది అందులో?

ఈ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘విలీనం’. ఎంత చల్లని మాట! ఏరు సముద్రంలో కలిసినట్టు వినిపిస్తుంది. కాని కలిసిన తర్వాత దాన్ని ఏరని పిలిచేవాడెవడు?

స్విట్జర్లాండులో బివియో అనే ఊరుంది. ఆల్ప్స్ కొండల ప్రధాన శ్రేణికి ఉత్తరాన ఉన్నా సంప్రదాయంగా అక్కడి మాట ఇటాలియన్. 2016లో చుట్టుపక్కల 8 ఊళ్ళతో కలిపి దాన్ని సుర్సెస్ అనే కొత్త మునిసిపాలిటీలో చేర్చారు. కొండ అక్కడే ఉంది, ఇళ్ళూ అక్కడే ఉన్నాయి. తన పద్దు తాను రాసుకునే పెత్తనం మాత్రం పోయింది. పెద్ద సభలో ఆ ఊరి మాట చిన్న గొంతైపోయింది.

అంతదూరమెందుకు? మన భీమునిపట్నం 1861 నాటి మునిసిపాలిటీ. 2013లో దాన్ని విశాఖ మహానగరంలో కలిపారు. 2007లో హైదరాబాదు చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు ఒక్క దెబ్బకు నగరంలో కలిసిపోయాయి.

మురుగుకాలువకు పొలిమేర తెలీదు, నిజమే. ఇల్లూ ఇల్లూ ఒరుసుకునే చోట కలపడంలో అర్థముంది. కాని నంద్యాలకూ మహానందికీ నడుమ మైళ్ళకొద్దీ పొలాలున్నాయి కదయ్యా! రోడ్డు వేయాలంటే ముందు పంచాయతీ బోర్డు పీకాలని ఏ ఇంజనీరు చదువులో ఉంది?

పోయేదేమిటో చూడండి. ఓటున్న ప్రతివాడూ గ్రామసభలో సభ్యుడే. 1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణతో దానికి రాజ్యాంగంలోనే చోటు దొరికింది. సర్పంచిని చెట్టుకిందే నిలదీయొచ్చు. కలిసిపోయాక మిగిలేది ఒక కౌన్సిలరు. నిండుసభలో ఆయన చెయ్యెత్తినా అధ్యక్షుడికి కనబడాలి గదా! గ్రామీణ ఉపాధి పనులు ఊరు ఊరుగా ఉన్నంతవరకే. అది వార్డయిన రోజున కూలివాడు గడ్డపార మూల పెట్టాల్సిందే. ఎండాకాలం వాడి పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఇక నీళ్ళు. ఈ సీమలో నీటిని మించిన ఆస్తి లేదు. మహానంది కోనేటి ఊట గుడి దాటి అరటితోటలకు, వరిమళ్ళకు పారుతుంది. ఆ నీటి సంగతి మడిలో కాలుపెట్టినవాడు మాట్లాడాలా, పట్నంలో ఫైలు తిరగేసేవాడు మాట్లాడాలా?

నేను పట్నానికి శత్రువును కాను. కలపాలంటే కలపండి, కాని ముందు ఊరిని అడగండి. ఉత్తర్వులు అచ్చయ్యాక కాదు, అంతకుముందు!

నవనందుల్లో ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్నంలోనే ఉన్నాయి. గరుడనంది, వినాయకనంది, మహానంది ఇటువైపున్నాయి. భక్తులు తొమ్మిదింటినీ ఒక్క రోజులో చుట్టి వస్తారు. అన్నిటినీ ఒకే నందిలో విలీనం చేస్తే దీపాలకు చమురు ఖర్చు తగ్గుతుందని మన పెద్దలెవరికీ తోచలేదు. వాళ్ళకు లెక్కలు రాకనా?